దుకాణం నంబరు

"ఇంకా పెండింగే చూపిస్తున్నదా?"

కార్తిక్ గొంతు తగ్గించి అడిగాడు. అడిగి, నడిమింటి తలుపు వైపు చూశాడు. ఆ తలుపు వెనక మంచం మీద వాళ్ళ నాయన తిమ్మన్న శెట్టి మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. ఆయన గురక వినిపిస్తున్నంతసేపే ఈ మొగుడూపెళ్ళాలకు మాట్లాడుకునే ధైర్యం.

కన్యక ల్యాప్‌టాప్‌ని భర్త వైపు తిప్పింది. మామగారి పేరు, పాన్ నంబరు, దాని కింద పొద్దున్నుంచీ కదలని ఒకే ఒక్క ముక్క. వెరిఫికేషన్ పెండింగ్.

"సబ్మిట్ అయిందన్నవ్ గద. ఇంటిల్లిపాదికి మైసూర్‌పాక్ గూడ పంచినవ్."

"సబ్మిట్ అయింది. వెరిఫై కాలే."

"రెండిట్ల తేడా ఏంది?"

కన్యక చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. ఫ్యాను తిరుగుతున్నా చేతులు తడారడం లేదు.

"గంజ్ బజార్ల లారీకి సరుకెత్తినం అనుకోండ్రి. బిల్టీ కాయిదం మీద సంతకం చెయ్యంది లారీ కదుల్తదా? సరుకు లారీల ఉన్నట్టే ఉంటది, పోయినట్టు మాత్రం కాదు. గిదీ గట్లే. మనం పంపిన లెక్కలన్నీ పైకెక్కినయ్. ఈ లెక్కలు నావే, నిజమేనని మామ ఒప్పుకోవాలె. ఒప్పుకున్నట్టు ఆధార్ ఓటీపీ కొట్టాలె. పంపిన్నాటి నుంచి ముప్ఫై దినాలల్ల కొట్టకుంటే గడువుల ఫైల్ చేయనట్టే లెక్క."

"మనకింకా ఎన్ని దినాలున్నయ్?"

"ఇయ్యాలనే ఆఖరు."

అవతల గురక ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మంచం కిర్రుమంది, ఆయన పక్కకు ఒత్తిగిలినట్టున్నాడు, కాసేపటికి గురక మళ్ళీ అందుకుంది. కార్తిక్ మెల్లగా గాలి వదిలాడు.

"మరి కొట్టరాదా గా ఓటీపీ. ఇంకేం పరేషాన్?"

కన్యక అతని మొహంలోకి చూసింది. ఇంత సేపూ ఇతనికి ఆ సంగతి తట్టనే లేదన్న మాట.

"అది ఏ నంబరుకొస్తదో జరా యాది చేసుకోండ్రి."

అతని మొహంలో రంగు దిగిపోవడం ఆమె కళ్ళారా చూసింది.

"దుకాణం నంబరు," అన్నాడు.

అవును, దుకాణం నంబరే. ఎప్పుడో బడిలో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు తిమ్మన్న శెట్టి ఇంటివాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, ఎవరిని నంబరు అడిగినా దుకాణం నంబరే చెప్పించాడు. ఇల్లు ఒకటే, దుకాణం ఒకటే, నంబరు కూడా ఒకటే ఉండాలని ఆయన పట్టుదల. బ్యాంకుకూ అదే ఇచ్చాడు, గ్యాస్ బండకూ అదే ఇచ్చాడు. ఆ తర్వాత పెద్దకోడలుగా వచ్చిన శ్రుతికీ చిన్నకోడలు కన్యకకూ కూడా ముందుగా మార్పించింది ఇంటిపేరు కాదు, ఆధార్‌లో ఫోన్ నంబరు. తీన్ కందిల్ చౌరస్తా పక్క సందులో దుకాణం బోర్డు మీద ఆ నంబరుంది, బెల్లం బుట్టల మీద ఆ నంబరుంది, మస్కి నుంచి మల్లట్ దాకా చిల్లర దుకాణాల వాళ్ళందరికీ ఆ నంబరు నోటికొచ్చు.

ఆ నంబరున్న ఫోన్ పోయిన వారం కార్తిక్ వాళ్ళ అన్న రంగా చొక్కా జేబులో పడి ఇల్లు దాటిపోయింది.

గల్లా పెట్టె ముందు ఇన్నేళ్ళూ కూర్చున్నది రంగా. ఆ రోజు సాయంత్రం మామగారు కన్యకను పిలిచి, నలుగురిలో, అమ్మా ఇక నుంచి నువ్వు కూసో అన్నాడు. రంగా లేచాడు, ఫోన్ జేబులో వేసుకున్నాడు, ఇంటికెళ్ళి శ్రుతిని బయల్దేరదీసి దేవసూగూరులో అత్తగారింటికి వెళ్ళిపోయాడు. గడప దాటేటప్పుడు మాత్రం ఒక్క మాట. "గల్లా ఆమెకు, నంబరు నాకు." గిరాకీ అంతా అన్న వెంట పోతుందని అందరూ బెంగపడ్డారు. ఆ నంబరు వెంట ఇంటిల్లిపాది సంతకాలూ పోయాయని ఒక్కరికీ తట్టలేదు.

"నువ్వు ఆ దినమే కొట్టేస్తే అయిపోయేది గద," అన్నాడు కార్తిక్.

"ఆ దినం ఫోన్ బావ దగ్గరుండె. బావ వసూలుకు మస్కి పోయిండు. తర్వాత చేస్త అని ఒక బటన్ ఉంటది, అది నొక్కిన. రేపు చేద్దామనుకున్న. తెల్లారి మీరే బెల్లం గోడౌన్ల మళ్ళ నిండిన నీళ్ళు తోడనీకె తీస్కపోతిరి."

"అంటే తప్పు నాదేనా ఇప్పుడు?"

"నాదే. నేనేమంటున్న?"

బయటికి అన్నంత తేలిగ్గా ఆ మాట లోపల పడలేదు. పోయిన ఏడు వానలకు గోడౌన్‌లో బెల్లం కరిగి మోరీలోకి పారింది, ఈ రిటర్న్ ఆ ఏటిదే. ఆ నష్టాన్ని వచ్చే ఏళ్ళ లాభంలో తగ్గించుకోవచ్చు, కాని రిటర్న్ గడువులో పడితేనే. ఆలస్యమైందని అర్జీ పెట్టుకోవచ్చు, వాళ్ళు ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు. ఇదంతా ఆమె బీకాంలో చదువుకున్నదే. ఇన్నేళ్ళూ లెక్కలు చూసిన బసవలింగప్పను మానిపించి, మామా నేను చేస్త అని ముందుకొచ్చింది కూడా తనే.

"ఇంకేం తోవలు లేవా? నెట్ బ్యాంకింగో ఏదో అంటరు గద."

"దానికీ ఓటీపీ గా నంబరుకే వస్తది."

"కాయిదం మీద నాయనతోని సంతకం చేపించి పోస్టుల పంపుదం."

"బెంగుళూరుకు చేరినంకనే లెక్క. ఇయ్యాల పెడితే ఇయ్యాల చేరుతదా?"

"ఆధార్‌ల నంబరే మార్పిద్దం."

"మామను తోల్కపోయి వేలిముద్ర పెట్టియ్యాలె. పెట్టినంక గూడ ఎక్కనీకె దినాలు పడ్తయ్. ఎందుకు మార్పిస్తున్నవమ్మా అని మామ అడిగితే ఏం చెప్పాలె?"

వంటింట్లోంచి అత్త సౌభాగ్యమ్మ చేతిలో వక్కాకుల పళ్ళెంతో వచ్చింది. కన్యక ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

"గా డబ్బను నడుమ పెట్టుకొని ఏం గుసగుసలే? కొత్తగ పెండ్లయినోళ్ళు గూడ గిన్ని గుసగుసలాడరు."

"లెక్కలు అత్తా."

"లెక్కలకు గింత చెమటలెందుకు?" అని కోడలి మొహంలోకి ఒక చూపు చూసి, సౌభాగ్యమ్మ నడిమింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చూపుకు ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో కన్యకకు తెలియలేదు.

కార్తిక్ తన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే చెయ్యి. నేను మాట్లాడితే అన్న రెండో మాటకు తిడ్తడు."

ఆమె దుకాణం నంబరు నొక్కింది. రెండుసార్లు మోగగానే అవతల ఎత్తారు.

"హలో, తిమ్మన్న శెట్టి కిరాణా. చెప్పండ్రి, ఏం కావాలె?"

రంగా గొంతే. అదే దుకాణం మర్యాద, ఎప్పటిలాగే. ఆ పేరు ఇంకా అలాగే పలుకుతున్నాడు.

"బావా, నేను."

అవతల ఎక్కడో బస్సు హారన్ వినిపించింది. తర్వాత ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"కన్యకా," అని నడిమింట్లోంచి పిలుపు.

గురక ఎప్పుడాగిందో ఇద్దరూ గమనించలేదు.

తిమ్మన్న శెట్టి మంచం మీద లేచి కూర్చుని ఆకుకు సున్నం రాస్తున్నాడు. నిద్ర మొహంలో కూడా ఆయనకు ఉషారుంది. ఇంట్లో పెద్దకొడుకు పేరు ఎత్తకూడదన్న ఆజ్ఞ ఒక్కటి తప్ప ఆయనలో వారం కిందటి గొడవ జాడే కనిపించదు. ఆ ఉషారు చూసే కన్యకకు ఎక్కువ భయం.

"రేపు పొద్దుగాల బ్యాంకుకు పోతున్నమ్మా. గా రిటర్న్ కాయిదం తీసి నా సంచిల పెట్టు."

"ఆ, మామా."

"పొద్దుగాల గంజ్‌ల బసవలింగప్ప ఎదురువడ్డడు. 'శెట్రె, రిటర్న్ పెండింగ్ ఐతేన్రీ' అని నవ్వుకుంట అడిగిండు, పెండింగున్నదా అని. మనం మానిపించినమని కడుపుమంట. నేనన్న, మా చిన్నకోడలు చేసిందయ్యా, నీలెక్క పెండింగులుండవు మా ఇంట్ల అన్న. చుట్టుపక్కల నలుగురు విన్నరు."

బసవలింగప్పకు ఎలా తెలుసు? కన్యకకు ఒక్క క్షణమే పట్టింది. పోర్టల్‌లో పాతకాలం నుంచీ ఉన్న ఈమెయిల్ ఆయనదే, దాన్ని మార్చాలని తనకు తోచనే లేదు. వెరిఫై చేయండి, గడువు దగ్గర పడింది అని వచ్చిన హెచ్చరికలన్నీ ఆయనకే పోయాయి. ఆయన చూశాడు. చూసి, నవ్వుతూ అడిగి, ఊరుకున్నాడు.

"అయినా పెండింగంటే ఏందమ్మా? సర్కారోళ్ళ టేబుల్ మీద ఆగుడే గద?"

"రెండు రకాలు మామా. అన్నీ అయినంక వాళ్ళ దగ్గర ఆగేది ఒకటి. ఏదన్న నంబరు కలవకపోయినా, బ్యాంకు ఖాతా సరిగ్గ లేకపోయినా ఆగుతది. రెండోది..." ఆమె చూపు కార్తిక్ మీదికి పోయింది. "రెండోది మన దగ్గరనే ఆగేది."

"మనది ఏ రకం?"

"మనది..." ఇప్పుడు చెప్పాలి. ఇక్కడే, ఇప్పుడే. సౌభాగ్యమ్మ ఆకు చుడుతూ తలెత్తి చూస్తోంది. కార్తిక్ గడప దగ్గర నిలబడి కాలి వేలితో నేల గీరుతున్నాడు. "కాయిదం ఉన్నది మామా. పెడ్త సంచిల."

అబద్ధం కాదు. కాగితం ఉంది. కాని అన్న క్షణంలోనే అది అబద్ధమని ఆమె ఒళ్ళంతటికీ తెలిసిపోయింది.

"నాయనా, జరా దేవసూగూరు పోయొస్తం," అన్నాడు కార్తిక్ గడప దగ్గర్నుంచే. "సూగురేశ్వర గుడికి. కన్యక మొక్కుకున్నదంట."

తిమ్మన్న శెట్టి చేతిలో ఆకు ఆగింది. ఉషారు ఎటు పోయిందో పోయింది.

"గుడికేనా?"

"గుడికే."

"గుడి తోవ గుడికే పోతది. నడుమ ఎవరింటి తలుపు తట్టొద్దు."

సౌభాగ్యమ్మ ఆకు మొగుడి చేతికిచ్చి, కొంగుతో కళ్ళు అద్దుకోబోయి మానేసింది.

*

స్కూటర్ మీద పోతుంటే శక్తినగర్ కరెంటు ప్లాంటు చిమ్నీలు కనిపించాయి. ల్యాప్‌టాప్ సంచిని కన్యక పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకుని కూర్చుంది. ఎదుర్నుంచి బూడిద లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ప్రతి లారీకీ కార్తిక్ రోడ్డు కిందికి దిగుతున్నాడు. మామూలుగా అతను ఇంత భయంగా బండి నడపడు.

"అన్న ఇయ్యనంటే?" అన్నాడు చివరికి, తల తిప్పకుండా.

"ఇయ్యనంటే ఇంటికి పోయి మామ ముంగట నిలవడ్త."

"గల్లా నుంచి లేపుతడు నాయన."

"తెల్సు."

తెలుసు. ఆ ఇంట్లో గల్లా పెట్టె ముందు ఆడమనిషి కూర్చోవడం అదే మొదటిసారి. ఒక్క వారమే కూర్చుంది. పక్క దుకాణాల వాళ్ళు వంగి వంగి చూశారు, మల్లట్ నుంచి వచ్చిన ఒక రైతు ఆమెను చూసి దుకాణం మారిందేమోనని వెనక్కి పోబోయాడు, ఆమె పిలిచి చింతపండు చూపించి ధర చెప్పింది, అతను కొనుక్కుపోయాడు. ఆ పూట ఆమె అన్నం తినలేకపోయింది, సంతోషంతో. రేపు మామగారు లే అంటే, చదువుకున్నామె చేసిన పని చూడండ్రి అని ఊరంతా అంటే, ఇక ఆ ఇంట్లో ఏ కోడలినీ ఏ కూతురినీ ఎవరూ ఆ పెట్టె దగ్గరికి రానివ్వరు. బెల్లం నష్టం కన్నా ఆమెకు ఆ భయమే ఎక్కువగా ఉంది, ఆ మాట మొగుడితో కూడా చెప్పలేకపోయింది.

శ్రుతి తలుపు తీసింది. తోడికోడలిని చూసి మొహం వికసించింది, వెంటనే భయంతో ముడుచుకుంది.

"అక్కా, బావ ఉన్నడా?"

"లేడని చెప్పమన్నడు," అంది శ్రుతి మెల్లగా. "లోపల్నే ఉన్నడు. రాండ్రి."

రంగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వారంలో మనిషి చిక్కిపోయాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళ కింద నీలం. దుకాణం ఫోన్ అతని అరచేతిలో ఉంది. మరదలిని చూడగానే దాన్ని వెనక్కి తీసుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"ఓటీపీలు మీరే పంపుతున్నరా?" అన్నాడు. రమ్మని లేదు, కూసోమని లేదు.

కన్యకకు అర్థం కాలేదు. "అవును బావా. పొద్దుగాల నుంచి నొక్కుతనే ఉన్న, చూసి మీరే ఫోన్ చేస్తరేమోనని..."

"పొద్దుగాల్నుంచి ఒకటే రావట్టినయ్. నాయన ఆధార్ మీద ఓటీపీ, నాయన ఆధార్ మీద ఓటీపీ. వచ్చిందొచ్చినట్టు తీసేసిన. నాకు తెల్వదనుకున్నరా? నాయన పేరు మీద ఉన్నదేంది? ఇల్లు. ఇల్లు రాయించుకుంటున్నరు. గల్లా అయింది, ఇప్పుడు ఇల్లు."

మాట్లాడుతూనే ఫోన్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అది కోపం కాదని కన్యకకు అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచీ ఈ మనిషి కూడా తనలాగే భయంతో కూర్చున్నాడు. ఆ ఫోన్ మోగినప్పుడల్లా అక్కడ ఇల్లు తన చేతుల్లోంచి జారిపోతోందని ఇక్కడ బెదిరిపోయాడు. రాత్రుళ్ళు దిండు కింద ఆ ఫోన్ పెట్టుకునే పడుకుంటున్నాడని తర్వాత శ్రుతి చెప్పింది.

"బావా, గది ఇన్‌కమ్ ట్యాక్స్‌ది. రిటర్న్ వెరిఫై చెయ్యాలె. ఇదిగో చూడండ్రి."

"ఓటీపీ అడిగెటోళ్ళందరు ఏదో ఒకటి చూపిస్తరు. నూనె దుకాణం పంపన్నకు గూడ గిట్లనే ఏదో చూపించిండ్రు. ఖాతా ఊడ్చుకపోయిండ్రు."

"అన్నా, మేమేమన్న దొంగలమా?" అన్నాడు కార్తిక్.

"నేనన్ననా? నాయననే గల్లా పక్క గోడ మీద ఎర్ర రంగుతోని రాయించిండు గద. ఓటీపీ తండ్రి అడిగినా చెప్పరాదు అని. దినాం చూసేటోళ్ళే గద మీరు."

ఇంకో సమయమైతే నలుగురూ నవ్వేవాళ్ళు. శ్రుతి పెదవులు ఒక్కసారి కదిలాయి కూడా. ఎవరూ నవ్వలేదు.

కన్యక నేల మీదే కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచి స్టూలు మీద పెట్టింది. మొత్తం చెప్పింది, దాచకుండా. తర్వాత చేస్త అన్న బటన్ దగ్గర్నుంచి బసవలింగప్ప నవ్వు దాకా, ఇవాళ దాటితే ఏమవుతుందో అక్కడి దాకా. చెబుతున్నంతసేపూ ఆమె రంగా మొహం చూడలేదు, తన చేతులే చూసుకుంది.

రంగా కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"అంటే," అన్నాడు, "నేను చదువుకోలేదని నన్ను లేపి కూసోబెట్టిన చదువుకున్నామె, నాయన సంతకమే మరిచిపోయిందన్న మాట."

"అవును బావా."

ఆమె అంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

"నాయనకు తెల్సా?"

"తెల్వదు."

"అయితే చెప్పు. ఆయన నోటితోని అడగమను. అడిగితే ఇస్త."

కార్తిక్ అన్న దగ్గరికి జరిగాడు. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత. నాయన నీ పేరే ఎత్తొద్దంటున్నడు. అడుగుతడా?"

"అందుకే అడగమంటున్న."

కన్యక ఓటీపీ పంపే బటన్ నొక్కింది. రంగా అరచేతిలో ఫోన్ టింగుమంది. అందరూ ఆ చప్పుడు విన్నారు. తెర మీద ఆరు ఖాళీ గడులు, పక్కన పదిహేను నిమిషాల లెక్క వెనక్కి నడవడం మొదలైంది.

ఆమె కార్తిక్ ఫోన్‌తో ఇంటికి చేసింది. స్పీకర్ పెట్టి స్టూలు మీద ఉంచింది. ఇప్పుడు ఇంట్లో మిగిలింది సౌభాగ్యమ్మ ఫోన్ ఒక్కటే. ఆమే ఎత్తింది.

"గుడి కాడ రష్ ఉన్నదా? కొబ్బరి చిప్ప తేండ్రి, చట్నీకైతది."

"అత్తా, మామకియ్యండ్రి జరా."

"ఏమైందే? గొంతేంది గట్లున్నది?"

"ఇయ్యండ్రి అత్తా."

గరగర చప్పుడు. తర్వాత తిమ్మన్న శెట్టి గొంతు. "ఏందమ్మా?"

"మామా, రిటర్న్ ఫైల్ కాలే."

అవతల గోడ గడియారం టిక్కుటిక్కు కూడా వినిపిస్తోంది.

"కాయిదం ఉన్నదన్నవ్."

"ఉన్నది. సగమే అయింది మామా. మీరు ఒప్పుకున్నట్టు ఓటీపీ కొట్టాలె. నేను మరిచిపోయిన. ఇయ్యాలనే ఆఖరు. పొద్దుగాల చెప్పలే, మధ్యాహ్నం అడిగినప్పుడు గూడ చెప్పలే. భయమైంది."

ఆయన తిడతాడని ఎదురుచూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"యాడున్నవిప్పుడు?"

"బావ దగ్గర."

కార్తిక్ వంగి ఫోన్ కట్టయిందేమోనని చూశాడు. కట్టవలేదు.

"ఓటీపీ గా నంబరుకొచ్చింది మామా. మీ నోటితోని అడిగితే ఇస్తనంటున్నడు."

"ఫోన్ వాని దగ్గర పెట్టు."

రంగా కుర్చీలోంచి లేచాడు. అతనికి తెలియకుండానే లేచి నిలబడ్డాడు, తండ్రి ఎదురుగా ఉన్నట్టు.

"నాయనా."

"చెప్పరా. ఎంతొచ్చింది?"

అంతే. అడిగేశాడు. వారం రోజుల పంతం రెండు మాటల్లో దించేశాడు. శ్రుతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంగా దుకాణం ఫోన్ కళ్ళకు దగ్గరగా పట్టుకుని ఒక్కో అంకే చదివాడు. ఏడు. సున్నా. నాలుగు. తొమ్మిది. కన్యక ఒక్కొక్కటే గడిలో నింపింది.

నాలుగోదాని దగ్గర రంగా ఆగాడు.

"ఇంకా?" అంది కన్యక.

"ఇంక రెండున్నయ్." అతను ఆమెతో కాదు, స్టూలు మీద ఫోన్‌తో మాట్లాడుతున్నాడు. "నాయనా, ముందు ఒక్క మాట చెప్పు. ఇల్లు ఎవరికి రాస్తున్నవ్?"

"రంగా."

"గల్లా నుంచి లేపినప్పుడు నన్నొక్క మాట అడగలే. ఇంట్ల నుంచి తీసేసేటప్పుడు గూడ అడగవు. నేనున్ననా లేనా నీ ఇంట్ల? గిదొక్కటి చెప్పు. చెప్తే గా రెండు చెప్త."

"గది నా సంతకం రా. నా సంతకానికి నాకే బేరం పెడుతున్నవా?"

"బేరం గాదు నాయనా. అడుగుతున్న."

తెర మీద అంకెలు కరుగుతున్నాయి. కన్యక రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియకుండానే, ఫోన్‌కా, బావకా, మామకా. ఒక్క మాట. ఉన్నవురా అంటే చాలు. లేవన్నా చాలు. ఏదో ఒకటి.

"ఉండనీ," అన్నాడు తిమ్మన్న శెట్టి. గొంతు చాలా మామూలుగా ఉంది. "పెండింగే ఉండనీ. అమ్మా కన్యకా, వింటున్నవా?"

"ఆ, మామా."

"ఏం కొట్టకు. నేను ఒప్పుకుంటలేను."

ఫోన్ కట్టయింది.

రంగా అలాగే నిలబడ్డాడు. తండ్రి అంత మాట అంటాడని అతను కల్లో కూడా అనుకోలేదు. కోప్పడతాడనుకున్నాడు, అరుస్తాడనుకున్నాడు, చివరికి ఏదో ఒకటి చెప్తాడనుకున్నాడు. మెల్లగా కూర్చున్నాడు. చేతిలో ఉన్న ఫోన్‌ని ల్యాప్‌టాప్ మీద పెట్టాడు, మెసేజ్ కనిపించేటట్టు.

"చూసుకో," అన్నాడు. "మొత్తం ఉన్నయ్."

ఉన్నాయి. ఏడు, సున్నా, నాలుగు, తొమ్మిది. వాటి పక్కన మిగతా రెండూ.

"కొట్టు," అన్నాడు కార్తిక్. "నాయన కోపంల అన్నడు. రేపటికి ఆయనే నయమైంది అంటడు. కొట్టు జల్ది."

"వద్దు," అంది శ్రుతి. ఇంతసేపూ నోరు విప్పని మనిషి. "ఆయన ఒప్పుకుంటలేనన్నంక నువ్వు కొడితే గది ఎవరి సంతకం కన్యకా?"

"నష్టమెవరు మోస్తరు వదినా? నువ్వా?"

"నేను సంతకం గురించి మాట్లాడుతున్న."

కన్యకకు ఇద్దరి మాటలూ దూరంగా వినిపిస్తున్నాయి. పొద్దున్నుంచీ ఈ అంకెలు దొరకవేమోనని వణికింది. ఇప్పుడు దొరికాయి, కళ్ళ ముందున్నాయి, కొట్టాలా వద్దా అన్నదే ఇప్పుడు భయం. కొడితే రిటర్న్ గడువులో పడుతుంది, రేపు మామ సంచిలో నిండు కాగితం ఉంటుంది, బసవలింగప్ప నవ్వు ఆగిపోతుంది. వద్దన్న మాట విని కూడా ఆయన పేరున ఒప్పుకున్న కోడలిని ఆయన మళ్ళీ గల్లా ముందు కూర్చోబెడతాడా? కొట్టకపోతే మాట విన్నట్టు. మాట విని, ఆయన్ని ముంచినట్టు.

"మూడు నిమిషాలే ఉన్నయ్," అన్నాడు కార్తిక్.

స్టూలు మీద ఫోన్ మోగింది. ఇంటి నుంచే. తెర మీద సౌభాగ్యమ్మ పేరు వెలుగుతోంది.

నలుగురూ దానివైపు చూశారు. ఎత్తడానికి రంగా చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఆయన మనసు మార్చుకున్నాడేమో. లేక ఇంకో మాటతో ఈ తలుపు కూడా మూసేయడానికి చేస్తున్నాడేమో. ఎత్తితే గాని తెలియదు. ఎత్తి మళ్ళీ వద్దంటే, ఇక కొట్టే దారే ఉండదు.

"ఎత్తు," అన్నాడు రంగా.

కన్యక ఎత్తలేదు. దుకాణం ఫోన్‌లోకి ఒకసారి చూసి, ల్యాప్‌టాప్ మీట మీద వేలు ఆనించి, ఐదో అంకె కొట్టింది.

ఫోన్ మోగుతూనే ఉంది.